రెండు సెషన్లు అయ్యాయి, ఆమె వింటూనే ఉన్నారు. దీన్నే చికిత్స అంటారా?

వేపనీడ
నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని, నా వయసు 43. మా అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మొదలై మూడేళ్ళు దాటింది. నాన్న పోయినప్పటి నుంచి ఆమె నా దగ్గరే ఉంటోంది. తమ్ముడు పుణెలో ఉద్యోగం చేస్తాడు, నెలనెలా డబ్బు పంపుతాడు, దసరాకు వచ్చి నాలుగు రోజులుండి వెళతాడు. ఏడాదిగా నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. తరగతిలో పిల్లల మీద కారణం లేకుండా అరుస్తున్నాను. సాయంత్రం బడి నుంచి వస్తూ మా వీధి మలుపు తిరగగానే కాళ్ళు ముందుకు పడవు. థైరాయిడ్, బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకున్నాను, అన్నీ సరిగానే ఉన్నాయి. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే, ఆయన అరగంట సేపు మాట్లాడి, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, తమ క్లినిక్కులోనే ఉన్న సైకాలజిస్టుతో వారానికొకసారి మాట్లాడమని చెప్పి, చీటీ మీద "సపోర్టివ్ సైకోథెరపీ" అని రాశారు.

ఇప్పటికి రెండు సెషన్లు అయ్యాయి. ఒక్కొక్కటి 45 నిమిషాలు, ఫీజు 900 రూపాయలు. ఆ సైకాలజిస్టు వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. మొదటి రోజు ఇంట్లో ఎవరెవరు ఉంటారు, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని అడిగి రాసుకున్నారు. రెండో రోజు ఈ వారం ఎలా గడిచిందని అడిగారు. నేను చెప్పాను, ఏడ్చాను, ఆమె విన్నారు, మధ్యలో నాలుగైదు మాటలన్నారు, ఇంతలో సమయం అయిపోయింది. నన్నేం చేయమంటారని అడిగితే, "మీకేమనిపిస్తోంది?" అని నన్నే తిరిగి అడిగారు. ఆ రాత్రంతా తల బరువుగా ఉండి, ఇంకా ఎక్కువ ఏడుపు వచ్చింది. ఒక్క సలహా కూడా చెప్పకుండా వినడానికి 900 రూపాయలా అని మనసు పీకుతోంది. మూడో సెషన్ వచ్చే గురువారం ఉంది. వెళ్ళాలా, మానాలా? ఇలాంటి చికిత్స తీసుకున్నవారు తమ అనుభవం చెప్పండి. గుడికి వెళ్ళమని, ప్రాణాయామం చేయమని మాత్రం దయచేసి చెప్పకండి, ఆ రెండూ చేస్తూనే ఉన్నాను.

చింతచిగురు
మానకండి. రెండో సెషన్ తరువాత నాకూ అచ్చం ఇలాగే అనిపించింది. ఏళ్ళ తరబడి మూత పెట్టి ఉంచిన గిన్నె మూత తీసినప్పుడు మొదట బయటికి వచ్చేది ఆవిరే. ఆ మొదటి రెండు మూడు వారాలు రాత్రిపూట కాస్త కష్టంగానే ఉంటాయి.

లెక్కలమాస్టారు
వేపనీడ గారు, నేను మీ వృత్తిలోనే 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చనువుగా చెబుతున్నాను. మీ సమస్య మనసులో లేదు, పని పంపకంలో ఉంది. తల్లిని చూసుకునే బరువంతా కూతురి మీద, డబ్బు పంపే గౌరవమంతా కొడుకు మీద పడితే ఏ మనిషికైనా నిద్ర పట్టదు. ఆ నెలకు 3,600 రూపాయలు సైకాలజిస్టుకు ఇచ్చే బదులు, సాయంత్రం రెండు గంటలు అమ్మను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోండి. ఇక మాట్లాడుకోవడమంటారా, మా రోజుల్లో సాయంత్రం కాగానే అరుగుల మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళం. ఎవరికీ ఫీజు కట్టలేదు.

గోదారిగట్టు
మాస్టారు గారు, అరుగు మీద చెప్పుకున్న మాట అరుగు దాటకుండా ఉండేదా? నేను నా పెళ్ళిలో వచ్చిన ఇబ్బందిని చిన్ననాటి స్నేహితుడికి ఒక్కడికే చెప్పుకున్నాను. మూడు వారాలు తిరగకముందే రావులపాలెంలో ఒక నిశ్చితార్థంలో మా పెద్దత్త నన్ను పక్కకు పిలిచి అదే సంగతి అడిగింది. అతనికి నా మీద ప్రేమ లేదని నేను అనను. చెప్పిన మాటను మోయడం అతనికి చేతకాలేదు, అంతే. మోయగలిగిన మనిషి కోసమే నేను తరువాత రాజమండ్రిలో థెరపిస్టు దగ్గరికి వెళ్ళాను.

రాత్రిడ్యూటీ
నేను నర్సును. మాస్టారు గారు పని పంపకం గురించి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అయితే ఆ సగాన్ని కూడా ఆచరణలో పెట్టాలంటే తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగా అడగగలిగే సత్తువ ఉండాలి. రాత్రి మూడింటికి లేచి కూర్చునే మనిషికి ఆ సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది?

వేపనీడ గారికి ఒక ప్రశ్న. సాయంత్రం కాగానే మీ అమ్మగారికి కలవరం ఎక్కువవుతోందా? డిమెన్షియా ఉన్న చాలామందిలో పొద్దు వాలే వేళకు గాభరా, ఇటూ అటూ తిరగడం, ఇంటికి వెళ్ళిపోతానని పట్టుబట్టడం పెరుగుతాయి. మీ కాళ్ళు బరువెక్కేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి అడుగుతున్నాను.

వేపనీడ
అవునండి, అయిదు దాటితే ఆమె మనిషే మారిపోతుంది. దాని గురించి నేను ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

సైకియాట్రీ_పీజీ
మానసిక వైద్యంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడిని కాను కాబట్టి మీ వైద్యం గురించి మాట్లాడను. "సపోర్టివ్ సైకోథెరపీ" అన్న మాటకు అర్థం మాత్రం చెబుతాను, ఎందుకంటే ఆ చీటీ రాసిచ్చిన చాలాచోట్ల దాన్ని ఎవరూ విడమరచి చెప్పరు.

మాటలతో చేసే చికిత్సల్లో రకాలున్నాయి. కొన్ని మీ బాల్యంలోకి, మీకే తెలియని లోపలి ఘర్షణల్లోకి తవ్వుకుంటూ పోతాయి. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) లాంటివి ఆలోచనల్లోని తప్పు లెక్కలను పట్టుకుని, రాసుకునే పనులిచ్చి, అలవాట్లను మారుస్తాయి. సపోర్టివ్ సైకోథెరపీలో తవ్వడం తక్కువ, నిలబెట్టడం ఎక్కువ. గాలివానకు ఒరిగిన అరటిచెట్టుకు వెదురు గెడ ఊతం పెట్టినట్టు, మనిషికి అప్పటికే ఉన్న తట్టుకునే శక్తి విరిగిపోకుండా చూడటం దీని పని. థెరపిస్టు మామూలుగా మాట్లాడుతున్నట్టే కనిపిస్తారు గానీ, మీరు చేసిన ఏ పనిని మీరు గుర్తించడం లేదో గమనించి దాన్ని ఎత్తి చూపిస్తారు, మీరు పేరు పెట్టలేని బాధకు పేరు దొరికేదాకా ఆగుతారు, రేపు రాబోయే కష్టాన్ని ఈరోజే మీతో కలిసి ఊహించి దానికి సిద్ధం చేస్తారు. సలహా ఇవ్వకూడదన్న నియమం ఇందులో లేదు, అవసరమైన చోట ఇస్తారు. కానీ రెండో వారానికే, మీ ఇల్లూ వాకిలీ ఇంకా తెలియకముందే సలహా ఇచ్చే థెరపిస్టు కంటే, ఆగి వినే థెరపిస్టు మీద నాకు ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

ఎదుటి మనిషిని ఏ షరతులూ లేకుండా అంగీకరించడం, అతని స్థానంలో నిలబడి అర్థం చేసుకోవడం, నటన లేకుండా ఉండటం అనే మూడింటిని కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1950లలోనే చికిత్సకు ప్రాణంగా చెప్పారు. వినడం చిన్న పని అనుకునేవారికి ఒక మనవి. మా శిక్షణలో నాకు అన్నిటికంటే కష్టమైనది అదే. రోగి ఏడుస్తుంటే "ఏడవకండి" అనకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అనంత_ఎండ
పీజీ గారు ఎంత గౌరవంగా చెప్పినా నాకు ఒక అభ్యంతరం ఉంది. నాకు పానిక్ అటాక్స్ వచ్చేవి. బస్సు ఎక్కితే గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, ఇక చచ్చిపోతానేమోనన్న భయం. అయిదు నెలలు "ఎలా గడిచింది" అని అడిగే చోటికే వెళ్ళాను. మంచి మనిషే గానీ నేను మాత్రం బస్సు ఎక్కలేదు. తరువాత వేరేచోట సీబీటీ చేయించుకుంటే, మొదట ఆగి ఉన్న బస్సులో రెండు నిమిషాలు కూర్చోవడం, తరువాత ఒక స్టాపు, ఆపైన మూడు స్టాపులు, ఇలా పది వారాల్లో ధర్మవరం నుంచి అనంతపురం దాకా ఒంటరిగా వెళ్ళగలిగాను. వినడం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. వేపనీడ గారు తమకు ఏ పద్ధతి అవసరమో గట్టిగా అడగాలి.

సైకియాట్రీ_పీజీ
అనంత_ఎండ గారితో నాకు విభేదం లేదు. పానిక్, ఓసీడీ (వదలని ఆలోచనలతో చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు), ఒక నిర్దిష్టమైన భయం ఉన్నప్పుడు, ఆ భయానికి మెల్లమెల్లగా ఎదురు వెళ్ళించే పద్ధతులు బాగా పనిచేస్తాయి. ఆప్తులను చూసుకుంటూ అలసిపోవడం, వియోగం, ఉద్యోగం పోవడం, దీర్ఘవ్యాధి లాంటి సందర్భాలు వేరు. అక్కడ ఆలోచనలో తప్పు లెక్క ఉండకపోవచ్చు, కష్టం నిజంగానే ఉంటుంది. తప్పు లేని ఆలోచనను దిద్దబోతే రోగికి ఇంకా ఒంటరితనం కలుగుతుంది. మీకు అప్పట్లో ఇచ్చినది మీ జబ్బుకు సరిపడిన పద్ధతి కాదు. అంతమాత్రాన ఆ పద్ధతిలోనే లోపం ఉందని అనుకోనక్కర్లేదు. అయిదు నెలల్లో మార్పు లేనప్పుడు దారి మార్చవలసిన బాధ్యత ఆ థెరపిస్టుది, ఆ విషయంలో మీ కోపం న్యాయమైనదే.

మాంచెస్టర్_వాన
భాష సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఇంగ్లాండులో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వారి టాకింగ్ థెరపీస్ అనే సేవ ఉంది, దానికి డాక్టరు చీటీ లేకుండా మనమే నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు, ఉచితం. రెండేళ్ళ క్రితం నాన్నగారు పోయినప్పుడు వీసా కాగితాల వల్ల ఆఖరి చూపుకు వెళ్ళలేకపోయాను. ఆ తరువాత నేను ఆ సేవకు పేరు ఇచ్చాను. ఎంతో దయగల మనిషి దొరికారు. కానీ ఆమె ఇంగ్లీషులో ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ నా నోట "ఓకే" అన్న మాటే వచ్చేది. ఇంగ్లీషులో నేను జీతం బేరమాడగలను, ఇల్లు కొనగలను, నాన్న గురించి మాత్రం ఒక్క వాక్యం చెప్పలేకపోయాను.

ఎనిమిది వారాల తరువాత హైదరాబాదులో ఉండే ఒక తెలుగు థెరపిస్టుతో ఆన్‌లైనులో మొదలుపెట్టాను. మొదటి రోజు ఆయన "బెంగగా ఉందా?" అని అడిగారు. అంతే, నేను పది నిమిషాలు మాట్లాడలేకపోయాను. బెంగ, దిగులు, ఉక్రోషం, ఉసూరుమనడం, గుండె చెరువు కావడం, ఇవన్నీ వేరువేరు బాధలని నాకు 38 ఏళ్ళ వయసులో తెలిసింది. నాది దుఃఖం అనుకుని వెళ్ళాను. కానీ అది ఉక్రోషం. కార్యానికి రాలేదని నన్ను తప్పుపట్టిన బాబాయి మీద, నా మీద, ఆ కాగితాల మీద ఉక్రోషం. వేపనీడ గారు, మీ థెరపిస్టు మీతో ఏ భాషలో మాట్లాడుతున్నారు?

వేపనీడ
తెలుగులోనే మాట్లాడతారు గానీ "స్ట్రెస్", "కోపింగ్", "గిల్ట్" అనే మాటలు మధ్యమధ్యలో వస్తుంటాయి. "గిల్ట్" అన్న మాట నాకు అర్థమవుతుంది కానీ నాలోకి దిగదు. మా అమ్మ అయితే "పానం గుంజుతంది" అంటుంది. నాకు జరుగుతున్నది అది.

మాంచెస్టర్_వాన
ఆ మాటే గురువారం ఆమెకు చెప్పండి.

పల్లెకోడలు
నాది వేరే భయం. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. నేను మూడు నెలలుగా వెళ్ళాలనుకుంటూ ఆగిపోతున్నాను. క్లినిక్కులో నా పేరు రాసుకుంటారు కదా, ఆ కాగితం రేపు ఎవరి చేతికైనా వెళితే? మా వైపు ఇప్పటికీ ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అనే అంటారు.

రాత్రిడ్యూటీ
పల్లెకోడలు గారు, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది. అందులో 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక ఆరోగ్యానికి, చికిత్సకు సంబంధించిన వివరాలను గోప్యంగా ఉంచడం మీ హక్కు. వైద్యులు గానీ, సైకాలజిస్టు గానీ పెళ్ళివారు అడిగారని, అత్తవారు అడిగారని చెప్పడానికి వీలులేదు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, ఎదుటివారికి హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, న్యాయస్థానం లాంటి అధికారం ఉన్నవారు ఆదేశించినప్పుడు, అదీ అవసరమైనంత మేరకే చెబుతారు. మొదటి సెషన్‌లోనే దీని గురించి వారిని అడగండి, మంచివారైతే అడగకముందే చెబుతారు.

ఎర్రగడ్డ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అది ఒక ఆసుపత్రి. నిద్రలేక, దిగులుతో బస్సెక్కి ఓపీ చీటీ రాయించుకుని, డాక్టరుతో మాట్లాడి, సాయంత్రానికి ఇంటికి చేరే వందలమంది మామూలు మనుషుల ఆసుపత్రి. విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రీ అంతే. వేపనీడ గారికి ఫీజు బరువైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

గోదారిగట్టు
ఇప్పుడే ఎక్కడికీ వెళ్ళలేని పరిస్థితి ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అది, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, ఏ వేళలో చేసినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేను ఒకసారి రాత్రి ఒంటిగంటకు చేశాను. ఆ రాత్రి సంగతి ఇక్కడ రాయలేను కానీ, ఫోన్ పెట్టేసరికి తెల్లవారబోతోందని, నేను ఇంకా ఉన్నానని మాత్రం చెప్పగలను.

చింతచిగురు
గోదారిగట్టు గారు, మీరు ఆ ఫోన్ చేసినందుకు మనసారా సంతోషిస్తున్నాను.

అనంత_ఎండ
ఎవరి దగ్గరికి వెళుతున్నామో చూసుకోవడం గురించి కూడా రాయాలి. సీబీటీకి ముందు నేను ఒక "లైఫ్ కౌన్సెలర్" దగ్గర మోసపోయాను. గోడ నిండా సర్టిఫికెట్లు. మొదటి రోజే జాతకం అడిగారు, రెండో రోజు నా భార్యకు ఫోన్ చేసి నేను చెప్పినవన్నీ చెప్పారు, మూడో రోజు పది సెషన్ల ప్యాకేజీకి ముందుగా డబ్బు కట్టమన్నారు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకున్నవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలని నాకు అప్పుడు తెలియదు. ఆర్‌సీఐ నంబరు అడిగితే నిజమైనవారు నొచ్చుకోరు, వెంటనే చెబుతారు, ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు వెతుక్కోవచ్చు. మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యం చదివినవారు. సైకాలజిస్టు మందులు రాస్తే అక్కడి నుంచి లేచి రండి.

వేపనీడ
మా క్లినిక్కులో ఆమె రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీదే ముద్రించి ఉంది, ఇప్పుడే చూశాను. ఆ విషయంలో నిశ్చింత కలిగింది.

లెక్కలమాస్టారు
ఇంతమంది చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. గోప్యత విషయంలో నేను అన్నది తప్పు, ఒప్పుకుంటున్నాను. అరుగు మీద చాలా కాపురాలు రచ్చకెక్కిన మాట నిజం. అయినా నా మొదటి మాటను వదలను. తమ్ముడితో తేల్చుకోకుండా ఎన్ని సెషన్లకు వెళ్ళినా, వేపనీడ తిరిగి అదే ఇంటికి, అదే సాయంత్రానికి వెళ్ళాలి. థెరపిస్టు ఆ సంగతి మాట్లాడకపోతే అది లోపమే.

రాత్రిడ్యూటీ
దీనికి నేను కూడా ఒప్పుకుంటాను. అయితే థెరపిస్టు మాట్లాడలేదని మనకెలా తెలుసు? రెండు సెషన్లే అయ్యాయి.

నా సంగతి ఒకటి చెబుతాను. కోవిడ్ రోజుల తరువాత నేను నాలుగు నెలలు థెరపీకి వెళ్ళాను. ఆ గదిలో గోడ గడియారం నా కుర్చీ వెనక ఉండేది, ఆమెకు మాత్రమే కనిపించేది. మొదట్లో అది నాకు కష్టంగా అనిపించింది, నా బాధను నిమిషాలతో కొలుస్తున్నారని. మూడో వారం ధైర్యం చేసి ఆ మాట ఆమెతోనే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "ఇంకెవరి మీదైనా ఇలాంటి కోపం వచ్చినప్పుడు ఆ మనిషితోనే చెప్పారా?" అని అడిగారు. నేను ఎవరితోనూ చెప్పలేదు. హెడ్ నర్సుతో చెప్పలేదు, మా అత్తగారితో చెప్పలేదు, డ్యూటీలు వరుసగా నా మీదే వేసిన మనిషితో చెప్పలేదు. నాకు అసలు చికిత్స ఆరోజు మొదలయిందనుకుంటాను. ఆమెతో చెప్పగలిగిన నెల రోజులకు డ్యూటీల సంగతి మాట్లాడటానికి సూపరింటెండెంటు గది తలుపు తట్టాను.

కాబట్టి వేపనీడ గారు, మీరు ఇక్కడ మాకు రాసినదంతా, ఆ 900 రూపాయల మాటతో సహా, గురువారం ఆమె ముందు చెప్పండి.

వేపనీడ
ఆమె ముఖం మీద ఎలా చెప్పనండి? చిన్నపిల్ల, నొచ్చుకుంటుంది.

సైకియాట్రీ_పీజీ
నొచ్చుకోకుండా వినడం ఆమె శిక్షణలో భాగం. మేము అందరికంటే ఎక్కువ భయపడేది చెప్పకుండా మానేసే రోగి గురించి. వారు ఏమయ్యారో మాకు ఎప్పటికీ తెలియదు.

కృష్ణాతీరం
మా నాన్నగారికి అల్జీమర్స్ వచ్చినప్పుడు నాకు తోడు దొరికింది అదే జబ్బు ఉన్న పెద్దలను చూసుకునే మరికొందరి దగ్గర. ఏఆర్‌డీఎస్‌ఐ అని డిమెన్షియా కుటుంబాల కోసం 1992 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది, హైదరాబాదులో దాని శాఖ ఉంది. అలాంటివారితో మాట్లాడితే, కన్నతండ్రి మీద విసుక్కున్న మనిషిని నేనొక్కడినే కానని తెలిసింది. థెరపీకి బదులుగా చెప్పడం లేదు, దానితో పాటు ఇదీ ఉండనివ్వండి.

పల్లెకోడలు
విసుక్కోవడం గురించి మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మా అత్తగారి విషయంలో నాకు రోజూ జరిగేది అదే.

వేపనీడ
మూడో సెషన్‌కు వెళ్ళి వచ్చాను. ఇక్కడ రాసిన మొదటి పోస్టును ఫోనులో ఆమెకే చూపించాను, నోటితో చెప్పే ధైర్యం లేక. ఆమె మొత్తం చదివి, "మీ కాళ్ళు బరువెక్కే ఆ మలుపు దగ్గర నుంచి మొదలుపెడదామా?" అన్నారు. డబ్బు సంగతి కూడా సూటిగానే మాట్లాడారు. ఇకపై పదిహేను రోజులకొకసారి వస్తే సరిపోతుందేమో చూద్దామని, సలహా కావలసిన చోట సలహా అడగమని, తనకు తెలిస్తే తప్పక చెబుతానని అన్నారు. "గిల్ట్" మాట వద్దని, "పానం గుంజుడు" అనమని నేను అడిగాను. ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నారు.

మాంచెస్టర్_వాన
ఆమె ఆ మాట రాసుకున్నారని చదివి ఇక్కడ నాకు కళ్ళు చెమర్చాయి.

లెక్కలమాస్టారు
తమ్ముడి సంగతి వచ్చిందా?

వేపనీడ
ఆరోజు రాలేదు మాస్టారు గారు, నాలుగో సెషన్‌లో వచ్చింది. నిన్న సాయంత్రం దాన్ని ముగించుకుని వచ్చి ఇది రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, మన్నించాలి.

మొదటి రెండు సెషన్లలో నేను చెప్పలేకపోయినది ఇది. అయిదు దాటాక మా అమ్మ గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నేను బ్యాగు దించుకుని లోపలికి వస్తుంటే నన్నే పట్టుకుని, "మా పెద్దపిల్ల బడికెల్లి ఇంకా రాలే. చీకటైతంది, జెర పోయి చూసి రా బిడ్డా" అంటుంది. ఆ పెద్దపిల్లను నేనే. మొదట్లో నేనేనమ్మా అని చెప్పేదాన్ని. తరువాత ఫోటోలు చూపించాను. తరువాత అరవడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆమె చేతిని విదిలించుకుంటే గాజు పగిలి ఆమె మణికట్టు గీసుకుంది. ఎనిమిది నెలలుగా ఈ మాట మా వారికి కూడా చెప్పలేదు. నిన్న చెప్పాను.

సైకాలజిస్టు "ఫరవాలేదు" అనలేదు. అలా అని ఉంటే లేచి వచ్చేసేదాన్ని. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, ఆ గాజు ముక్కలు ఎవరు ఏరారని అడిగారు. నేనే ఏరాను, మందు రాసి కట్టు కట్టాను, ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకున్నాను అని చెబుతుంటే, ఆ సగం నేను ఎప్పుడూ గుర్తు చేసుకోలేదని నాకే అర్థమైంది. తరువాత, గేటు దగ్గర అమ్మ చూపు ఎలా ఉంటుందో చెప్పమన్నారు. చెబుతూ చెబుతూ, "ఆమె ఎదురు చూస్తున్నది నా కోసమే కదండీ" అని నా నోటితో నేనే అన్నాను. ఆమె ఆ వాక్యాన్ని ఇంకొకసారి చెప్పమన్నారు. చెప్పలేకపోయాను.

చివర్లో సలహా అడిగాను, ఇచ్చారు. నేనే ఆ పెద్దపిల్లనని రుజువు చేయబోవద్దని, అమ్మ భయానికి మాత్రం జవాబు చెప్పమని అన్నారు. తమ్ముడికి ఏం చెప్పాలో అక్కడే కూర్చుని నాలుగు వాక్యాలు రాసుకున్నాను, రెండుసార్లు ఆమె ముందు చదివాను. రాత్రి ఫోన్ చేసి అవే చదివాను. సంక్రాంతి నుంచి రెండు నెలలు అమ్మను పుణె తీసుకువెళ్ళే విషయం ఆలోచిస్తానన్నాడు. ఆలోచిస్తానన్నది సరేనన్నట్టు కాదని నాకు తెలుసు. సాయంత్రం మనిషికయ్యే ఖర్చు మాత్రం ఈ నెల నుంచే ఇస్తానన్నాడు.

ఈరోజు సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ అదే మాట అడిగింది. "వస్తుందమ్మా, బడి విడిచిపెట్టారట, దారిలో ఉందట" అన్నాను. మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాము. వీధిలో దీపాలు వెలిగేదాకా ఆమె నా చేయి పట్టుకుని మలుపు వైపు చూస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని నన్ను అడిగింది.